వాషి కాగితం చుట్టిన వంటింటి డబ్బాలు: జపాను పద్ధతిలో ఇంట్లోనే చేసుకోవడం ఎలా

జపానులో తేయాకు అమ్మే దుకాణాల్లో పూలూ అలలూ కొంగలూ అచ్చయిన కాగితం చుట్టిన గుండ్రటి డబ్బాలు అరల నిండా కనిపిస్తాయి. వాటిని అక్కడ చాజుత్సు అంటారు. చూడగానే కాగితపు డబ్బా అనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది తగరపు పూత పూసిన ఇనుప రేకు. తేయాకును గాలి, తేమ, వెలుతురుల నుంచి కాపాడే పని ఆ రేకుదీ, దాని లోపలి మూతదీ. డబ్బాకు అందం తేవడం, పట్టుకున్నప్పుడు చేతికి మెత్తగా తగులుతూ జారకుండా ఉండడం కాగితం వంతు. ఇలాంటి డబ్బాను ఇంట్లో తయారు చేసుకోదలచినవారు ఈ పని విభజనను మొదటి నుంచీ మనసులో పెట్టుకోవాలి. కాగితం డబ్బా లోపలికి వెళ్లకూడదు, సరుకు కాగితాన్ని తాకకూడదు, కాగితం మందం వల్ల మూత బిగువు చెడకూడదు. కింద చెప్పబోయే కొలతలూ జాగ్రత్తలూ అన్నీ ఈ మూడు నియమాల నుంచి వచ్చినవే.

డబ్బాను ఎంచుకోవడం

గుండ్రంగా, నిటారుగా, పక్కలు చదునుగా ఉన్న డబ్బాను తీసుకోండి. నడుము దగ్గర సన్నబడినవి, గాడులు పడినవి, అక్షరాలు ఉబ్బెత్తుగా నొక్కినవి పనికిరావు, ఎందుకంటే ఒకే ముక్కగా చుట్టిన కాగితం అలాంటి చోట్ల తప్పనిసరిగా ముడత పడుతుంది. దాదాపు 100 గ్రాముల ఆకుపచ్చ తేయాకు పట్టే జపాను డబ్బా సుమారు 7.5 సెంటీమీటర్ల అడ్డుకొలతతో, 11 సెంటీమీటర్ల ఎత్తుతో ఉంటుంది. మొదటిసారి చేసేవారికి ఆ పరిమాణమే అనువైనది. బయటి మూతతో పాటు పిడి ఉన్న లోపలి మూత కూడా ఉన్న డబ్బా దొరికితే దానినే తీసుకోండి. జపానువారు నాకాబుతా అనే ఈ రెండో మూత సరుకుకూ బయటి గాలికీ మధ్య మరో అడ్డుగా నిలుస్తుంది. బయటి మూత వారం తిరగకుండా పదిసార్లు తెరిచే ఇంట్లో దాని విలువ బాగా తెలుస్తుంది.

మూత బిగువు తెలుసుకోవడానికి ఒక సన్నని కాగితపు ముక్కను మూత అంచులో ఇరికించి లాగి చూడండి. అది సులువుగా జారి వచ్చేస్తే ఆ డబ్బాను పప్పులకో, అగ్గిపెట్టెలకో ఉంచుకుని, తేయాకుకూ సుగంధ ద్రవ్యాలకూ వేరేది వెతకడం మంచిది. క్యోటోలో 1875 నుంచి చేతితో డబ్బాలు చేస్తున్న కైకాదో అనే సంస్థ రేకు, రాగి, ఇత్తడి డబ్బాలకు పేరు పొందింది. వారి డబ్బా మీద మూత పెట్టి వదిలేస్తే, అది తన బరువుకే మెల్లగా కిందికి జారి మూసుకుంటుంది. బజారులో దొరికే మామూలు డబ్బాకు అంతటి పనితనం ఉండదు గానీ, మూత ఏ వైపుకూ వంగకుండా ఒకే తీరుగా దిగుతుందో లేదో మనం కూడా చూసుకోవచ్చు. బిస్కెట్లు, కాఫీ పొడి వచ్చిన పాత రేకు డబ్బాలు వాడదలిస్తే లోపల తుప్పు చుక్క ఒక్కటి ఉన్నా పక్కన పెట్టేయండి. స్టీలు డబ్బాలు కూడా పనికివస్తాయి, అయితే నున్నటి స్టీలు మీద జిగురు పట్టు తక్కువ కాబట్టి వాటిని గరుకు చేసే పని కాస్త ఎక్కువగా చేయవలసి ఉంటుంది.

కాగితాన్ని ఎంచుకోవడం

వాషి అంటే జపానులో సంప్రదాయ పద్ధతిలో తయారయ్యే కాగితం. కోజో, మిత్సుమాత, గాంపి అనే మొక్కల బెరడు లోపలి నారతో దానిని చేస్తారు. వీటిలో ఎక్కువగా వాడేది కోజో, అంటే కాగితపు మల్బరీ. ఆ నారను ఉడికించి, దంచి, నీటిలో కలిపి, తొరొరో-అఓయి అనే మొక్క వేరు నుంచి వచ్చే జిగట ద్రవాన్ని చేర్చి, వెదురు పుల్లల జల్లెడ మీద ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పొరలు పొరలుగా తీస్తారు. నార పోగులు పొడవుగా ఉండి ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం వల్ల ఈ కాగితం పలుచగా ఉన్నా తేలిగ్గా చిరగదు, తడిసినా చాలావరకు పట్టు తప్పదు. జిగురు రాసి, సాగదీసి, గుండ్రటి రేకుకు చుట్టే పనికి ఇంతకంటే అనువైన కాగితం నాకు తెలిసి లేదు. షిమానే ప్రాంతపు సెకిషూ-బాన్షి, గిఫు ప్రాంతపు హోన్-మినోషి, సైతామా ప్రాంతపు హోసోకావా-షి అనే మూడు రకాల వాషి తయారీ విద్యలను యునెస్కో 2014లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

డబ్బా పైకి కనిపించే పొరకు అలాంటి చేతి కాగితం అవసరం లేదు. దానికి వాడేది చియోగామి అనే అచ్చు కాగితం, ముఖ్యంగా క్యోటోలో కిమోనోల అద్దకపు నమూనాలను ఆధారం చేసుకుని అచ్చువేసే యూజెన్ చియోగామి. ఎదో యుగంలో, అంటే 17 నుంచి 19వ శతాబ్దం దాకా, చియోగామిని చెక్క అచ్చులతో వేసేవారు, ఇప్పుడు ఎక్కువగా స్క్రీన్ ప్రింటింగుతో వేస్తారు. ఒక్కొక్క రంగునూ విడిగా దిద్దుతారు కాబట్టి వేలితో తడిమితే రంగు పొర కాగితం మీద కాస్త ఎత్తుగా తగులుతుంది. చాలా రకాల్లో గీతలకు బంగారు రంగు ఉంటుంది. పూర్తి షీటు దాదాపు 64 సెంటీమీటర్ల వెడల్పు, 97 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైన చెప్పిన పరిమాణపు డబ్బాలు కనీసం ఎనిమిది ఒక్క షీటులో వస్తాయి. ఓరిగామి కోసం అమ్మే 15 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కొనేముందు మాత్రం ఆలోచించండి. 7.5 సెంటీమీటర్ల డబ్బా చుట్టుకొలత 23.5 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి రెండు ముక్కలు అతకాలి, అతుకు రెండు చోట్ల కనిపిస్తుంది.

నమూనా ఎంపికలో ఒకటే సూత్రం పాటించండి: మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మ ఎత్తు డబ్బా ఎత్తులో మూడో వంతును మించకూడదు. ఎగిరే కొంగల పెద్ద బొమ్మ షీటు మీద ఎంత ఘనంగా ఉన్నా, చిన్న డబ్బా మీదికి వచ్చేసరికి సగం రెక్క మూత మీదా సగం మెడ వెనక వైపూ పడి చెల్లాచెదురు అవుతుంది. ఒకదాని వెనక ఒకటిగా అలలు పేర్చినట్టుండే సెయిగైహా, ఆరు కోణాల నక్షత్రాల అల్లిక వంటి అసనోహా, చిన్న చెర్రీ పూలు చల్లినట్టుండే నమూనాలు డబ్బా మీద చక్కగా కుదురుతాయి. తెలుగు పాఠకులు ప్రత్యేకంగా వెతకదగ్గది సరసా అనే రకం. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు కోరమాండల్ తీరంలో నేయించి, అద్దించిన నూలు గుడ్డలను జపానుకు చేరవేశారు. ఆ వ్యాపారంలో 1605 నుంచి వారి స్థావరం ఉన్న మచిలీపట్నానికి పెద్ద చోటు ఉంది. జపానులో తేనీటి వేడుక జరిపేవారు ఆ గుడ్డలను ఎంతో విలువగా చూసి, తేయాకు పొడి పాత్రలకు సంచులు కుట్టించుకున్నారు. ఆ తీగలూ పూలూ జపాను చేతుల్లో రూపం మార్చుకుని, నేడు చియోగామి మీద సరసా నమూనాలుగా దొరుకుతున్నాయి. కలంకారీ చూసిన కంటికి అవి కొత్తగా అనిపించవు.

కాగితం కొన్న తరువాత రెండు పరీక్షలు చేయండి. తడి దూదితో ఒక మూల అద్ది చూస్తే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. దిగితే ఆ కాగితాన్ని నీళ్ల జిగురుతో అంటించకండి. రెండోది నార దారి చూడడం. కాగితాన్ని మడత పెట్టకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా గొట్టంలా చుట్టుకుంటుందో, ఆ గొట్టం పొడవు వెంటే నార దారి ఉంటుంది. యంత్రం మీద తీసిన కాగితంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. నార దారి డబ్బాకు నిలువుగా ఉండేలా కత్తిరించుకోవాలి. అలా ఉంటే కాగితం ఎదురు తిరగకుండా చుట్టుకుంటుంది, తడికి చుట్టుకొలత వైపు కాస్త సాగి, ఆరేటప్పుడు ముడుచుకుని రేకుకు బిగుతుగా పట్టుకుంటుంది. నమూనా ముఖం ఒక్కోసారి దీనికి అడ్డు వస్తుంది. అప్పుడు నమూనాకే ప్రాధాన్యం ఇచ్చి, జిగురు రాశాక కాగితం నానడానికి మరికొంత సేపు ఆగండి.

జిగురు

జపానులో తలుపుల తెరలకూ పుస్తకాలకూ గోధుమ పిండి నుంచి తీసిన గంజిపొడితో ఉడికించిన జిగురు వాడతారు. ఇంట్లో మైదాతో దానికి దగ్గరి జిగురు చేసుకోవచ్చు. ఒక వంతు మైదాకు ఆరు వంతుల చల్లటి నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, అరగంట నాననిచ్చి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా పది పదిహేను నిమిషాలు ఉడికించండి. తెల్లటి పిండి రంగు పోయి, కాస్త గాజు మెరుపు వచ్చి, గరిటె తీసిన దారి ఒక క్షణం అలాగే నిలిస్తే దించేయండి. పూర్తిగా చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఉంచవద్దు.

ఈ జిగురు కాగితానికీ కాగితానికీ మధ్య బ్రహ్మాండంగా పట్టుతుంది, నున్నటి రేకు మీద మాత్రం నిలవదు. అందుకని రేకు మీద వేసే మొదటి పొరకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురును కొద్దిగా నీళ్లతో పలుచన చేసి వాడండి. దాని పైన వచ్చే అచ్చు కాగితానికి మైదా జిగురూ తెల్ల జిగురూ సమపాళ్లలో కలిపిన మిశ్రమం సరిపోతుంది. తెల్ల జిగురు ఒక్కటే వాడితే త్వరగా బిగుసుకుపోయి, కాగితాన్ని జరిపి సరిచేసుకునే వ్యవధి ఉండదు. మైదా కలిస్తే ఆ వ్యవధి దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పిండి జిగురుకు పుస్తకాల పురుగులూ బొద్దింకలూ వస్తాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవారు అందుకే జిగురులో మైలతుత్తం కలుపుతారు. మైలతుత్తం విషం. వంటింట్లో పెట్టే డబ్బాకు, పిల్లలు పట్టుకునే డబ్బాకు దానిని చిటికెడు కూడా వాడకండి. తెల్ల జిగురు కలపడం, అంచులు ఎక్కడా లేవకుండా అంటించడం, పూర్తిగా ఆరబెట్టడం, చివర పైపూత వేయడం ఇంటి అవసరానికి చాలు.

రేకును సిద్ధం చేయడం

డబ్బాను వేడి నీళ్లతో, సబ్బుతో కడిగి, లోపలి అంచుల్లో తడి దాక్కోకుండా పూర్తిగా ఆరబెట్టండి. కాగితం అంటించే భాగాన్ని మాత్రమే 320 నంబరు శాండ్ పేపరుతో మెరుపు తగ్గేవరకు తేలికగా రుద్దండి. తగరపు పూతను దాటి ఇనుము బయటపడేంత గట్టిగా రుద్దితే, తరువాత తుప్పు కాగితం కిందే మొదలవుతుంది. రుద్దిన పొడిని తుడిచి, చేతి జిడ్డు పోయేలా స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడవండి. ఆ తరువాత ఆ భాగాన్ని వేళ్లతో తాకకండి.

ఇప్పుడు మూత పెట్టి, మూత అంచు డబ్బాను ఎక్కడ తాకుతుందో చుట్టూ సన్నని పెన్సిలు గీత గీయండి. ఈ గీతకు పైన ఉన్న మెడ భాగంలో కాగితం ఒక్క పొర కూడా పడకూడదు. మెడ మీదికి కాగితం వెళ్తే మూత మొదట బిగుసుకుంటుంది, బలవంతంగా తెరిచి మూసే కొద్దీ కాగితం గీసుకుపోయి లేస్తుంది. డబ్బా కాగితం పై అంచు ఈ గీతకు ఒక మిల్లీమీటరు కిందే ఆగాలి. అడుగున కూడా రేకు అంచు నుంచి రెండు మిల్లీమీటర్లు వదలండి. వంటింటి బండ ఎప్పుడో ఒకప్పుడు తడుస్తుంది. కాగితం నేలను తాకి ఉంటే ఆ తడిని కింది నుంచి పైకి పీల్చుకుని వారం రోజుల్లో మచ్చ కడుతుంది. రెండు మిల్లీమీటర్ల రేకు కనిపించడం లోపం కాదు, దుకాణాల్లో అమ్మే మంచి డబ్బాల మీద కూడా ఆ గీత అలా కనిపిస్తూనే ఉంటుంది.

కొలవడం, కత్తిరించడం

చుట్టుకొలతను లెక్క కట్టడం కంటే సన్నని కాగితపు పట్టీని డబ్బాకు చుట్టి, రెండు కొసలు కలిసిన చోట గుర్తు పెట్టుకోవడం నమ్మకమైన పద్ధతి. ఆ కొలతకు అతుకు కోసం 8 మిల్లీమీటర్లు కలపండి. మూతకు విడిగా ఇదే పని చేయండి, ఎందుకంటే మూత డబ్బా కంటే కాస్త వెడల్పుగా ఉంటుంది. అడ్డుకొలతలో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది.

మూత మీది నమూనా డబ్బా మీది నమూనాకు కొనసాగింపుగా రావాలంటే, రెండింటినీ ఒకే ముక్క నుంచి తీయాలి. ముందుగా డబ్బా ఎత్తూ మూత ఎత్తూ కలిపిన ఒక ముక్కను కత్తిరించి, వెనక వైపు పెన్సిలుతో నిలువుగా మధ్య గీత గీయండి. ఆ తరువాతే పై భాగాన్ని మూత పట్టీగా వేరు చేయండి. అప్పుడు రెండు ముక్కల మీదా మధ్య గీత ఉంటుంది. అంటించేటప్పుడు డబ్బా ముందు వైపున ఈ రెండు గీతలూ ఒకే వరుసలో వచ్చేలా చూసి, అక్కడి నుంచి ఇరువైపులకూ చుట్టుకుంటూ వెళ్లండి. పైన చెప్పిన మూడు మిల్లీమీటర్ల తేడా ఇరువైపులకూ పంచుకుని, చివరికి వెనక అతుకు దగ్గరకు చేరుతుంది, ముందు నుంచి చూసేవారికి తెలియదు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టితే ఆ తేడా అంతా ముందు వైపునే పడి, అల ఒకచోట తెగిపోయినట్టు కనిపిస్తుంది.

కత్తిరించడానికి కొత్త బ్లేడు పెట్టిన పేపర్ కట్టరూ ఇనుప స్కేలూ వాడండి. బ్లేడు మొద్దుబారితే కోజో నార తెగకుండా పోగులు లాగుతుంది. అచ్చు కాగితం కింద, రేకు బయటి వైపున వేసే లోపలి పొరకు వాడే తెల్ల వాషిని మాత్రం కత్తిరించడం కంటే తడి గీత మీద చింపడం మేలు. స్కేలు వెంట తడి కుంచెతో గీత గీసి, ఒక నిమిషం ఆగి, రెండు వైపులా మెల్లగా లాగితే అంచు మెత్తటి నూగులా విడుతుంది. అలాంటి అంచులు ఒకదానిపై ఒకటి పడినచోట అతుకు ఎత్తు దాదాపు తెలియదు. అచ్చు కాగితాన్ని ఇలా చింపకండి, రంగు వేయని తెల్లటి నార బయటపడుతుంది.

అంటించడం

మొదట పలుచని తెల్ల వాషితో లోపలి పొర వేయాలి. రేకు మీద పలుచటి తెల్ల జిగురు సమంగా రాసి, పెన్సిలు గీతకూ అడుగు అంచుకూ పైన చెప్పినంత దూరం వదులుతూ కాగితాన్ని చుట్టి, పొడి కుంచెతో మధ్య నుంచి అంచుల వైపు నొక్కండి. ఈ పొర ఆరేవరకు, అంటే కనీసం నాలుగైదు గంటలు ఆగాలి. ఈ పొరను దాటవేసి అచ్చు కాగితాన్ని నేరుగా రేకు మీద అంటించేవారూ ఉన్నారు. అలా కూడా అంటుకుంటుంది, కానీ రేకు తడిని పీల్చుకోదు కాబట్టి జిగురు ఎక్కువైన చోట అచ్చు కాగితం మీద మచ్చలు పడతాయి. లోపలి పొర ఆ ఎక్కువ తడిని తనలోకి తీసుకుంటుంది, తరువాత పాత కాగితాన్ని మార్చవలసి వచ్చినప్పుడు కూడా అదే ఉపయోగపడుతుంది.

అచ్చు కాగితాన్ని బోర్లించి, మిశ్రమ జిగురును మధ్య నుంచి బయటికి, అంచులను దాటుతూ రాయండి. అంచుల దగ్గరే జిగురు తక్కువ కావడం, అక్కడే తరువాత కాగితం లేవడం సాధారణం. రాసిన వెంటనే అంటించకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగితే కాగితం తడికి సాగి, చదునుపడి, చెప్పినట్టు వింటుంది. మధ్య గీతను డబ్బా ముందు గుర్తుకు కలిపి, అరచేతితో ఒక వైపూ తరువాత మరో వైపూ చుట్టండి. దాని మీద శుభ్రమైన తెల్ల కాగితం పెట్టి, పైనుంచి పొడి గుడ్డతో నొక్కుతూ రుద్దండి. తడిసిన రంగును నేరుగా రుద్దితే బంగారు గీతలు మసకబారతాయి. బుడగ కనిపిస్తే దగ్గరి అంచు వైపుకు నెట్టండి, అది కదలకపోతే సూదితో ఒక చిన్న రంధ్రం చేసి నొక్కండి. అతుకులో పై అంచు కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా అన్నది మీ ఇష్టం, డబ్బాకూ మూతకూ ఒకే తీరుగా ఉంటే చాలు.

మూత పని కాస్త ఓపిక కోరుతుంది. మూత పై భాగం కంటే చుట్టూ 8 మిల్లీమీటర్లు పెద్దదిగా ఒక వృత్తాన్ని కత్తిరించి, ఆ అదనపు భాగాన్ని అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున పళ్లలా చీల్చండి. చీలిక మూత అంచుకు ఒక మిల్లీమీటరు ముందే ఆగాలి, అంచు దాకా వెళ్తే పైన తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. వృత్తాన్ని అంటించి, ఎదురెదురుగా ఉన్న పళ్లను జంటలుగా కిందికి వంచి పక్కకు అంటించుకుంటూ రండి. వరుసగా ఒకవైపు నుంచి అంటిస్తే వృత్తం జరిగిపోతుంది. పళ్ల మీద పట్టీని చుట్టి, పై అంచును మూత పై భాగానికి సరిగ్గా సమానంగా ఉంచండి. కింది అంచు రేకు అంచుకు అర మిల్లీమీటరు పైన ఆగాలి. కాగితాన్ని మూత లోపలికి మడవడం చూడడానికి చక్కగా ఉంటుందనిపిస్తుంది, కానీ అలా చేసిన మూత ఇక సరిగా దిగదు.

ఆరబెట్టడం, పైపూత

డబ్బానూ మూతనూ విడివిడిగా, గాలి ఆడే నీడలో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. వానాకాలంలో రెండు రోజులు పడుతుంది. రేకు తడిని పీల్చదు కాబట్టి జిగురులోని నీరంతా కాగితం గుండానే బయటికి పోవాలి. ఎండలోనో, హెయిర్ డ్రైయరుతోనో తొందరపెడితే పై పొర ముందే ముడుచుకుని అతుకును లాగేస్తుంది. పూర్తిగా ఆరాకనే మూత పెట్టి చూడండి. ఎక్కడైనా రాసుకుంటుంటే ఆ అంచును బ్లేడుతో అర మిల్లీమీటరు తగ్గించండి.

అచ్చు కాగితానికి మెరుపు లేని నీటి ఆధారిత వార్నిష్‌ను పలుచగా రెండు పూతలు వేస్తే వంటింటి చేతులకు తట్టుకుంటుంది. మొదటి పూత ఆరాకే రెండోది వేయాలి. అచ్చు లేని సాదా వాషి చుట్టినవారు కాకిషిబు వాడవచ్చు. అది పచ్చి వగరు కాకి పండ్ల రసాన్ని, అంటే జపాను పెర్సిమన్ రసాన్ని, పులియబెట్టి చేసే ద్రవం. అందులోని టానిన్ కాగితానికి గట్టిదనాన్నీ నీటిని తట్టుకునే గుణాన్నీ ఇస్తుంది. గోధుమ రంగు నెలలు గడిచేకొద్దీ ముదురుతుంది కాబట్టి రంగుల అచ్చు మీద వేయకూడదు. జపానులో వెదురు బుట్టలకు వాషి అంటించి కాకిషిబు పూసే ఇక్కాన్‌బారి అనే పని కూడా ఉంది. మన ఇళ్లలో చేటలకూ తట్టలకూ నానబెట్టిన కాగితాన్ని మెంతులతో కలిపి రుబ్బి మెత్తే అలవాటు తెలిసినవారికి ఆ పని వెంటనే అర్థమవుతుంది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి పెట్టుకునే బుట్టకు అది డబ్బా కంటే మేలైన పద్ధతి. ఏ పూత అయినా బయటికే, లోపల ఏదీ రాయకండి. పూత వాసన పూర్తిగా పోయేవరకు, సాధారణంగా మూడు నాలుగు రోజులు, మూత తెరిచే ఉంచండి. తేయాకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పట్టుకుంటుంది.

ఏమి నింపాలి, ఎక్కడ పెట్టాలి

తేయాకు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, ఎండు పుదీనా వంటి పొడి సరుకులకు ఈ డబ్బా బాగా నప్పుతుంది. ఒక డబ్బాకు ఒకే సరుకును శాశ్వతంగా కేటాయించండి. ఏలకులు పెట్టిన డబ్బాలో తరువాత తేయాకు పోస్తే నెలల తరబడి ఏలకుల వాసనే వస్తుంది. కారం, పసుపు, ధనియాల పొడి పెట్టాలంటే మూతి కట్టిన కవరుతో సహా పెట్టండి, లేకపోతే పొడి మూత అంచులో చేరి బిగువు పోతుంది. ఉప్పు, చింతపండు, ఊరగాయలు, బెల్లం ఇందులో వద్దు. ఉప్పూ పులుపూ రేకును తినేస్తాయి, బెల్లం తడి లాగుతుంది. జంతికలు, చెక్కలు వంటి నూనె పిండివంటలు నేరుగా పోస్తే నూనె మూత సందులోంచి కాగితానికి ఎక్కి, ఎన్నటికీ పోని మచ్చ అవుతుంది.

పొయ్యికీ సింకుకూ దూరంగా, నేరుగా ఎండ పడని అరలో పెట్టండి. కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా వానాకాలంలో, ఆహారానికి వాడదగ్గ తేమ పీల్చే చిన్న పొట్లాన్ని లోపల వేసి ఉంచడం మంచిది. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లటి రేకు బయటికి రాగానే గాలిలోని తేమ దాని మీద చెమటలా పేరుకుంటుంది, లోపల తేయాకూ బయట కాగితమూ రెండూ పాడవుతాయి. మూత తీసేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడవండి, మరక ఉంటే గట్టిగా పిండిన తడి గుడ్డతో అద్ది వెంటనే ఆరబెట్టండి.

అంచు ఎక్కడైనా లేస్తే ఆ రోజే పుల్లతో కొద్దిగా మిశ్రమ జిగురు లోపలికి జొనిపి, పైన కాగితం పెట్టి నొక్కి, రబ్బరు బ్యాండు వేసి రాత్రంతా వదిలేయండి. రెండు మూడేళ్లకు కాగితం మాసిపోతే డబ్బాను ఖాళీ చేసి, లోపలికి నీరు వెళ్లకుండా మూతిని కవరుతో కట్టి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను పది పదిహేను నిమిషాలు చుట్టి ఉంచండి. వార్నిష్ వేసి ఉంటే ముందు శాండ్ పేపరుతో పూతను గీరాలి, లేకపోతే తడి లోపలికి దిగదు. మైదా కలిపిన జిగురు మెత్తబడి అచ్చు కాగితం ఒలిచినట్టు వస్తుంది. కింది తెల్ల పొర గట్టిగా ఉంటే అలాగే ఉంచి, ఒక రోజు ఆరబెట్టి, దాని మీదే కొత్త కాగితం చుట్టండి. ఆ పొర కూడా లేచి వస్తే రేకు మీద తుప్పు ఉందేమో చూసి, లేకపోతేనే మళ్లీ మొదటి పొర నుంచి మొదలుపెట్టండి.